ఇంట్ల చీజ్ ఎట్ల దాచుకోవాలె, ఎట్ల వడ్డించాలె: మన వరంగల్ ఎండలకు ఆగే పద్ధతి

పోయినేడు ఏప్రిల్‌ల మా ఆడబిడ్డ హైదరాబాద్ నుంచి వచ్చుకుంట అర కిలో గౌడా చీజ్ తెచ్చింది, పిల్లలు తింటరని మంచి దుకాణంల చూసి మరీ తెచ్చింది. రైల్ల రెండు గంటలు, కాజీపేటల దిగి ఆటోల హన్మకొండకు వచ్చేసరికి ఇంకో అర గంట, బయట ఎండ 42 డిగ్రీలు. సంచిల నుంచి తీసేసరికి ముక్క మీద నూనె చెమట లెక్క పట్టింది. నేను దాన్ని గట్టిగ ప్లాస్టిక్ కవర్ల చుట్టి ఫ్రిజ్ డోర్‌ల పెట్టిన, పాల పాకెట్ల పక్కన. పది రోజులకు విప్పితే పైనంత జిగట, కోళ్ల ఫారం పక్క నుంచి పోతే ముక్కుకు గుచ్చుతది చూడండి, అచ్చం ఆ వాసన. మా అత్తమ్మ ఒక్కసారి వాసన చూసి "పారెయ్ బిడ్డా, పిల్లలకు పెట్టకు" అన్నది. అంత పైసలు పెట్టి తెచ్చింది ఆడబిడ్డ, పారేస్తుంటే మస్తు బాధైంది.

ఆ తర్వాత ఏడాదంత చదువుకుంట, చేసి చూసుకుంట నేర్చుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్న. అన్నిట్లకంటే ముఖ్యమైన మాట ముందే చెప్తున్న, చీజ్‌ను పాల పాకెట్ లెక్క చూడొద్దు, మామిడికాయ తొక్కు జాడి లెక్క చూడాలె. తొక్కు జాడిల తడి గంటె పెట్టం, పెద్ద జాడిని రోజూ మూత తీయం, వారానికి సరిపడ చిన్న డబ్బలకు తీసుకుంటం, ఎంగిలి చెయ్యి దగ్గరికి రానియ్యం. చీజ్‌కు కూడ సరిగ్గ ఇదే పద్ధతి, మిగతాదంత దీని చుట్టే తిరుగుతది.

ముందు మీ చేతిల ఉన్నది ఏ చీజో చూసుకోండి

మన దగ్గర చీజ్ అంటే ఎక్కువ మందికి తెలిసింది క్యూబ్‌లు, స్లైస్‌లు. ఇవి ప్రాసెస్డ్ చీజ్. అసలు చీజ్‌ను కరిగించి, అందుల సోడియం సిట్రేట్, ఫాస్ఫేట్ లాంటి లవణాలు కలిపి మళ్ళీ గడ్డ కట్టిస్తరు. 1911ల స్విట్జర్లాండ్‌ల వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ అనే ఇద్దరు దీన్ని మొదలువెట్టిన్రు, 1916ల అమెరికాల క్రాఫ్ట్ అనే ఆయన తన పద్ధతికి పేటెంట్ తీసుకున్నడు. ఎండ దేశాలకు పంపినా చెడిపోకుండ ఉండాలె అన్నదే ఆ స్విస్ వాళ్ల ఆలోచన, అంటే ఒక లెక్కన మన అసొంటి ఊర్ల కోసం పుట్టిన చీజ్ అన్నమాట. కలిపే వేడికి లోపల ఉన్న బ్యాక్టీరియా చాన మట్టుకు చచ్చిపోతది, అందుకే ఇది అసలు చీజ్ కంటే ఎక్కువ రోజులు ఆగుతది, పాకెట్ విప్పనంత వరకు పెద్ద దిగులు లేదు.

అసలు చీజ్ వేరే. పాలల్ల తోడు లాంటి బ్యాక్టీరియా వేసి, రెన్నెట్ అనే ఎంజైమ్ వేసి గడ్డ కట్టించి, నీళ్లు పిండి, ఉప్పు పట్టించి, నెలల తరబడి పండబెడ్తరు. గౌడా, చెడార్, పర్మేసాన్ ఇవన్ని ఇట్లా చేసినవే. ఒక కిలో చెడార్‌కు దగ్గర దగ్గర పది లీటర్ల ఆవు పాలు పడుతయ్. ఇది మన ఇంటికి వచ్చినంక కూడ మెల్లగ మారుతనే ఉంటది, గాలి కావాలె, తడి కావాలె, రెండూ ఎక్కువ కావొద్దు. నేను ప్లాస్టిక్‌ల బిగిస్తే పాడైంది అందుకే.

మూడోది నీళ్లు ఎక్కువ ఉన్న మెత్త చీజ్‌లు, తాజా మొజరెల్లా, ఫెటా, క్రీమ్ చీజ్, మన పనీర్. వీటికి ఆయుష్షు తక్కువ. లెక్క సింపుల్, చీజ్‌ల నీళ్లు ఎంత ఎక్కువుంటే అంత తొందరగ పాడైతది. పర్మేసాన్‌ల నీళ్లు మూడో వంతు కూడ ఉండయ్, పనీర్‌ల 60 శాతం దాక ఉండొచ్చని ఫుడ్ సేఫ్టీ వాళ్ల రూలే ఉన్నది. గట్టిగున్నది ఓపిక పడుతది, మెత్తగున్నది పట్టది, ఇది గుర్తుంటే ఏది ముందు తినాలె ఏది తర్వాత తినాలె అన్నది మీకే తెలిసిపోతది.

ఇంకో మాట, డిక్షనరీలల్ల చీజ్ అంటే జున్ను అని రాస్తరు, అది తప్పుదారి పట్టిస్తది. మన జున్ను అంటే బర్రె ఈనినంక వచ్చే ముర్రుపాలతోని చేసుకునేది, దానికీ దీనికీ సంబంధం లేదు. మా నాయనమ్మకు ఎవరో గౌడాను జున్ను అని చెప్పి నోట్లె పెడితే ఉప్పగ తగిలి ఊంచేసింది, మళ్ళీ ముట్టలేదు. పెద్దోళ్లకు పెట్టేటప్పుడు పేరు సరిగ్గ చెప్పి, ఉప్పగ ఉంటదని చెప్పి పెట్టండి.

కొనుక్కొచ్చేటప్పుడు

దుకాణంల ఫ్రిజ్‌ల మీద చెయ్యి పెట్టి చూడండి, చల్లగ కొట్టాలె. నేను ఒకసారి ఒక చిన్న దుకాణంల కొన్న పాకెట్ లోపల స్లైస్‌లు ఒకదానికొకటి అతుక్కపోయి అంచులు వంకరపోయినయ్, తర్వాత తెలిసింది వాళ్లు రాత్రి షట్టర్ వేసేటప్పుడు ఫ్రిజ్ బంద్ చేస్తరంట. కరిగి మళ్ళీ గట్టిపడ్డ స్లైస్ విప్పితే సాఫ్‌గ రాదు, చీరుకపోతది. పాకెట్ గాలి నిండి ఉబ్బినట్టు కనిపిస్తే తేదీ ఎంత దూరం ఉన్నా సరే తీసుకోవద్దు.

చీజ్‌ను లిస్టుల ఆఖరుకు పెట్టుకోండి. కూరగాయలు, కిరాణం అంత అయినంక చీజ్ తీసుకొని సక్కగ ఇంటికి రావాలె, నడుమ ఎవరింటికో పోయి చాయ్ తాగి రావొద్దు. హైదరాబాద్ నుంచి తెచ్చుకునేటోళ్లు మందపాటి కూల్ బ్యాగ్ కొనుక్కుంటే మంచిది, అది లేకపోతే స్టీల్ టిఫిన్ డబ్బల చీజ్ పెట్టి, దాని కింద మీద గడ్డకట్టిన నీళ్ల సీసాలు పెట్టి, పాత టవల్‌ల చుట్టి తెచ్చుకోండి, రెండు మూడు గంటలు ఆగుతది. ఐస్ ముక్కలు విడిగ పోయొద్దు, కరిగి నీళ్లు పాకెట్ లోపలికి పోతయ్.

శాకాహారులు ఒక్క సంగతి చూసుకోవాలె. ఇండియాల చేసిన చీజ్‌లు చాన మట్టుకు సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్‌తోని చేస్తరు, పచ్చ చుక్క ఉంటది. బయటి దేశం నుంచి వచ్చే అసలు పర్మేసాన్, అంటే ఇటలీల చేసే పర్మిజానో రెజ్జానో మాత్రం లేగదూడ కడుపుల నుంచి తీసిన రెన్నెట్‌తోనే చేయాలని వాళ్ల నియమం. శ్రావణమాసంల ఇంటికొచ్చిన చుట్టాలకు తెల్వక పెడితే తర్వాత వాళ్లకు మనసు కష్టమైతది, చుక్క చూసే కొనండి.

ఫ్రిజ్‌ల ఎక్కడ పెట్టాలె

డోర్‌ల మాత్రం వద్దు. రోజుకు ఎన్ని సార్లు తీస్తమో ఎవరికీ లెక్క ఉండదు, తీసినప్పుడల్ల వేడి గాలి మొదట తగిలేది డోర్‌కే. అసలు చీజ్‌కు మంచి జాగ కింద కూరగాయల డ్రాయర్, అక్కడ కొంచెం తేమ ఉంటది, చలి ఒక్క తీరుగ ఉంటది. అయితే కొత్తిమీర, ఉల్లాకు, పచ్చిమిర్చితోని కలిపి పడేస్తే ఆ వాసనంత చీజ్ గుంజుకుంటది, కొవ్వుకు వాసన పట్టే గుణం ఎక్కువ. ఎండు చేపలు, బోటి కూర ఉన్న ఫ్రిజ్‌ల అయితే ఇంక చెప్పనే అక్కర్లేదు. అందుకే మూత ఉన్న డబ్బల పెట్టి ఆ డబ్బను డ్రాయర్‌ల పెట్టాలె.

మన ఇళ్లల్ల చాన మందికి ఇంకా సింగిల్ డోర్ ఫ్రిజ్‌లే. వాటిల ఫ్రీజర్ కింద ఒక ట్రే ఉంటది, చల్లగ ఉంటది కదా అని అందరు చీజ్ అక్కడనే పెడ్తరు. రెండు ఇబ్బందులు. ఒకటి అక్కడ చలి ఎక్కువై అంచులు గడ్డకడతయ్, రెండోది డీఫ్రాస్ట్ బటన్ నొక్కినప్పుడు కరిగిన నీళ్లు చుక్క చుక్క దాని మీదనే పడతయ్. డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లల్ల నీళ్ల గోల లేదు గని గాలి తిరిగి తిరిగి చీజ్‌ను ఎండగొడతది, మూత లేకుండ పెట్టినోళ్ల చీజ్ అంచులు పసుపురంగు తేలి గోరు లెక్క గట్టిపడేది దానివల్లనే.

ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు గని అంతకంటే తక్కువ గని ఉండాలె. లోపల ఉన్న గుండ్రటి నాబ్ మీద 1 నుంచి 7 దాక అంకెలుంటయ్, అవి డిగ్రీలు కావు, ఎంత చలి అన్న లెక్క మాత్రమే, అంకె పెరిగితే చలి పెరుగుతది. చలికాలంల తక్కువల పెట్టి మర్చిపోయి ఎండకాలం కూడ అట్లనే నడిపిస్తే లోపల పది డిగ్రీలు దాటుతది. ఒక చిన్న థర్మామీటర్ తెచ్చుకొని, గ్లాసుల నీళ్లు పోసి అందుల ముంచి రాత్రంత ఫ్రిజ్‌ల పెట్టి, పొద్దున లేవంగనే చూడండి. నేను చూసిన రోజు మా దాంట్ల 9 డిగ్రీలు ఉన్నది, గౌడా ఎందుకు పోయిందో సగం అక్కడనే అర్థమైంది.

చుట్టుడు, అసలు పని ఇదే

గట్టి చీజ్ పాకెట్ ఒక్కసారి విప్పినంక ఆ ప్లాస్టిక్‌ల మళ్ళీ పెట్టొద్దు. బేకింగ్ సామాన్ దుకాణంల బటర్ పేపర్ దొరుకుతది, కేకుల కింద వేసేది. చీజ్ ముక్క కంటే మూడింతలు పెద్దగ కాగితం కోసి, ముక్కను నడుమ పెట్టి, చీర కుచ్చిళ్లు మడిచినట్టు రెండు అంచులు కలిపి మడత పెట్టుకుంట ముక్కకు ఆనేదాక తెచ్చి, రెండు కొసలు కిందికి మలవాలె. బిగ్గర కట్టొద్దు, వదులుగ వదలొద్దు, కాగితం చీజ్‌కు తగులుతుండాలె గని ఊపిరాడాలె. దాన్ని మూత డబ్బల పెట్టి మూతను కొంచెం వదులుగ పెట్టండి. కాగితం మీద కొన్న తేదీ, విప్పిన తేదీ పెన్నుతోని రాసుకోండి, నెల అయినంక గుర్తుంటది అనుకుంటం గని ఉండదు.

విప్పినప్పుడల్ల కొత్త కాగితం వేయాలె. పాత కాగితంకు నూనె, తడి పట్టి ఉంటది, బూజు అక్కడ్నే మొదలైతది. ఇది చాదస్తం అనిపిస్తది గని రోల్ ఒకటి కొంటే ఏడాది వస్తది.

న్యూస్ పేపర్ల మాత్రం చుట్టొద్దు, సిరాల ఉన్న రంగులు, లోహాలు కొవ్వుకు తొందరగ అంటుకుంటయ్, తినేవి పేపర్ల కట్టొద్దని ఫుడ్ సేఫ్టీ వాళ్లు 2016ల చెప్పిన్రు, 2023ల మళ్ళీ చెప్పిన్రు.

స్లైస్‌లకు ఇంత పని లేదు, దేని కవర్ దానికే ఉంటది, డబ్బల పెడితే చాలు. క్యూబ్ సగం వాడితే మిగిలిన సగం దాని రేకులనే మడిచి రెండు మూడు రోజులల్ల అయిపోగొట్టాలె. ఫెటా అయితే అది వచ్చిన ఉప్పు నీళ్లల్లనే మునిగి ఉండాలె, నీళ్లు పారబోస్తే పోయింది. పనీర్ గిన్నెల మంచి నీళ్లు పోసి ముంచి పెట్టి రోజూ నీళ్లు మార్చాలె, అయినా రెండు మూడు రోజులే.

తొక్కు జాడి లెక్క

పెద్ద గడ్డ కొంటే ఇంటికి రాంగనే, ఇంకా చల్లగ ఉన్నప్పుడే, వారానికి ఒక ముక్క లెక్క కోసుకోండి. ఒక్క ముక్క చిన్న డబ్బల, రోజు వాడకానికి. మిగతావి వేరే వేరే కాగితాలల్ల చుట్టి పెద్ద డబ్బల, దాన్ని ముట్టేది వారానికి ఒక్కసారే. నాలుగు రోజులకోసారి మొత్తం గడ్డ బయట పెట్టి, పది నిమిషాలు గట్టు మీద ఉంచి, మళ్ళీ లోపల పెట్టుకుంట పోతే అది చెమట పడతది, ఆరతది, మళ్ళీ చెమట పడతది. ఆ తడిల బూజుకు పండుగ.

కత్తి కడిగి, బట్టతోని తుడిచి, ఆరినంకనే పెట్టాలె. ఉల్లిగడ్డ కోసిన కత్తి, అన్నం తింటున్న చెయ్యి వద్దు. పిల్లలకు చెప్పుడు కష్టం, మా చిన్నోడు ఫ్రిజ్ తీసి గడ్డకే పల్లు పెట్టి కొరికి మళ్ళీ చుట్టి పెట్టేటోడు, వానికోసమే చిన్న డబ్బ మొదలుపెట్టిన. ఆ డబ్బ వానిది, పెద్ద డబ్బ నాది.

ఇట్ల చూసుకుంటే విప్పిన తర్వాత గట్టి చీజ్‌లు మూడు నాలుగు వారాలు మంచిగ ఉంటయ్. మెత్తయి వారం లోపల తినేయాలె. పాకెట్ మీద ఉన్న ఎక్స్‌పైరీ తేదీ విప్పని పాకెట్‌కు, చల్లగ ఉంచిన పాకెట్‌కు మాత్రమే వర్తిస్తది, విప్పినంక ఆ తేదీని నమ్ముకోవద్దు.

బూజు కనిపిస్తే

గట్టి చీజ్ మీద ఒక మూల బూజు పడితే మొత్తం పారెయ్యాల్సిన పని లేదు. బూజు ఉన్న జాగ నుంచి చుట్టూ ఒక అంగుళం, కిందికి ఒక అంగుళం వదిలి కోసి పారెయ్యాలె, కత్తి బూజుకు తగలొద్దు, తగిలితే ఆ కత్తే మిగతా ముక్కకు అంటిస్తది. మిగిలింది కొత్త కాగితంల చుట్టి తొందరగ తినేయండి. మెత్త చీజ్, తురిమిన చీజ్, స్లైస్‌లు, పనీర్ వీటి మీద బూజు కనిపిస్తే మాత్రం గీకి తినుడు లేదు, నీళ్లు ఎక్కువ ఉన్నదాంట్ల బూజు వేర్లు కంటికి కనిపించకుండ లోపలికి పోతయ్, మొత్తం పారెయ్యాలె. బ్లూ చీజ్, బ్రీ లాంటివి బూజుతోనే చేస్తరు, అది వేరే కథ, అయితే వాటి మీద కూడ తనది కాని రంగు బూజు వస్తే వదిలెయ్యాలె.

పాత చెడార్, పర్మేసాన్ మీద తెల్లగ ఇసుక లెక్క చుక్కలు కనిపిస్తే భయపడొద్దు. అవి పండిన చీజ్‌ల ఏర్పడే స్పటికాలు, పంటి కింద కరకర అంటయ్, బూజు కాదు. వేలుతోని రాసి చూడండి, బూజు అయితే మెత్తగ దూది లెక్క అంటుతది, ఇవి గరుకుగ ఉంటయ్.

కడుపుతోని ఉన్నోళ్లు మెత్త చీజ్‌ల సంగతిల గట్టిగ జాగ్రత్త పడాలె. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చలిల కూడ పెరుగుతది, కడుపుల బిడ్డకు ప్రమాదం. పాశ్చరైజ్డ్ (పాలను వేడి చేసి క్రిములను చంపినది) అని రాసి ఉన్నదే తినాలె, మెత్తది అయితే మంచిగ ఉడికించిన వంటల తింటే ఇంకా నయం, డాక్టర్‌ను కూడ ఒక మాట అడగండి. బీపీ ఉన్నోళ్లు కూడ చూసుకోవాలె, చీజ్‌ల ఉప్పు ఎక్కువ, ప్రాసెస్డ్ దాంట్ల ఇంకా ఎక్కువ. చీజ్ వేసిన వంటల నేను ఉప్పు సగమే వేస్త.

ఫ్రీజర్, కరెంటు

ఫ్రీజర్ల పెట్టొచ్చునా అని అందరు అడుగుతరు. వంటకు అయితే పెట్టొచ్చు, ముక్కగ తినేటందుకు అయితే వద్దు. లోపలి నీళ్లు గడ్డకట్టి సూదులైతయ్, కరిగినంక చీజ్ పొడి పొడి అయితది. పిజ్జా మొజరెల్లా తురిమి, ఒక్కసారికి సరిపడ చిన్న చిన్న పాకెట్లు చేసి, గాలి పిండేసి పెట్టుకుంటే రెండు నెలలు మంచిగ వస్తది. కరిగించేటప్పుడు గట్టు మీద కాదు, ముందు రోజు రాత్రి కిందికి ఫ్రిజ్‌లకు మార్చాలె.

ఎండకాలం గాలిదుమారం వచ్చి కరెంటు పోతే మొట్టమొదటి పని ఫ్రిజ్ తీయకపోవుడు. మూసి ఉంచితే లోపల చలి నాలుగు గంటల దాక ఆగుతది, ఫ్రీజర్ నిండుగ ఉంటే రెండు రోజుల దాక. ఎంత చల్లగున్నదో చూద్దమని పదిసార్లు తీస్తే గంటల పోతది. నాలుగు గంటలు దాటితే మెత్త చీజ్‌లు, పనీర్ వదులుకోవాలె, గట్టి గడ్డలు, ప్రాసెస్డ్ క్యూబ్‌లు సాధారణంగ ఓర్చుకుంటయ్, వాసన చూసి, జిగట లేకపోతే వాడుకోవచ్చు.

వడ్డించేటప్పుడు

ఫ్రిజ్‌ల నుంచి తీసి వెంటనే తింటే చీజ్ రుచి సగమే తెలుస్తది. చలికి కొవ్వు బిగుసుకపోయి ఉంటది, వాసన బయటికి రాదు. అందుకే చలి దేశాలల్ల గంట ముందు తీసి పెడ్తరు, ఆ గంట లెక్క మన దగ్గర నడవదు. జనవరిల, సంక్రాంతికి అయితే అర గంట సరే. మే నెలల 43 డిగ్రీలున్నప్పుడు పది పదిహేను నిమిషాలు చాలు, అంతకు మించితే నూనె కారుడు మొదలైతది. వేలుతోని ఒత్తి చూడండి, కొంచెం లొంగాలె, మెరుపు రావొద్దు. బయట పెట్టింది మొత్తం మీద రెండు గంటల్ల తినేయాలె, గదిల 32 డిగ్రీలు దాటితే గంటనే, ముఖ్యంగ మెత్తయి.

మనిషికి 30 గ్రాములు లెక్క వేసుకోండి, పది మందికి 300 గ్రాములు. మొత్తం ఒక్కసారి పెట్టొద్దు, సగం పెట్టి సగం ఫ్రిజ్‌ల ఉంచి, అయిపోయినంక రెండో విడత తేవాలె. ఎండకాలం నేనేం చేస్తనంటే వెడల్పు తాంబాళంల ఐస్ ముక్కలు పోసి, దాని మీద స్టీల్ ప్లేట్ పెట్టి, ప్లేట్ల బటర్ పేపర్ పరిచి చీజ్ పెడ్త. స్టీల్ చలిని తొందరగ గుంజి చీజ్‌కు అందిస్తది, గాజు ప్లేట్ అంత బాగ పని చేయది.

కోసేటప్పుడు గట్టి చీజ్ చల్లగ ఉన్నప్పుడే కోయాలె. కత్తిని వేడి నీళ్లల్ల ముంచి తుడిచి కోస్తే విరగకుండ వస్తది. మెత్తదాన్ని కత్తితోని ఒత్తితే అణిగిపోతది, సన్న దారం రెండు చేతులతోని బిగ్గర పట్టి కిందికి దించండి, ఉడికిన గుడ్డును దారంతోని కోస్తం చూడండి, అట్ల. త్రికోణం ముక్క అయితే కొస మొత్తం ఒక్కరికే రాకుండ పొడుగ్గ కోసుకుంట పోవాలె, ఎందుకంటే నడుమ మెత్తగ, పై తొక్క దగ్గర ఘాటుగ, ఒకే ముక్కల రెండు రుచులుంటయ్, అందరికీ రెండూ రావాలె. రెండు మూడు రకాలుంటే ముందు సాదాది, చివరకు ఘాటైనది పెట్టండి, ఘాటైంది ముందు తింటే తర్వాతది చప్పగ తగులుతది.

పక్కన ఏం పెట్టాలె అంటే బిస్కట్లు, ఆలివ్‌లు కొనాల్సిన అవసరం నాకైతే కనిపించలేదు. మన సకినాలు ఉన్నయ్ కదా. బియ్యప్పిండి, నువ్వులు, వాము, కరకర. పండిన చెడార్ సన్నగ కోసి సకినం ముక్క మీద పెట్టి తింటే వాము ఘాటు, చీజ్ పులుపు కలిసి మస్తుంటది, పోయిన సంక్రాంతికి మా ఇంట్ల వాళ్లు సకినాల డబ్బ ఖాళీ చేసిన్రు. జామకాయ, నల్ల ద్రాక్ష, ఖర్జూరం కూడ మంచి జత, ఉప్పుకు తీపి తోడు కావాలె.

ఇంకోటి మన వరంగల్ చపాటా మిర్చి. ఎనుమాముల మార్కెట్‌ల చూసే ఉంటరు, టమాట లెక్క పొట్టిగ, లావుగ, ఎర్రటి ఎరుపు, 2025ల జీఐ గుర్తింపు (ఇది ఈ ప్రాంతం సరుకే అని ఇచ్చే ముద్ర) కూడ వచ్చింది. రంగు ఎక్కువ, కారం తక్కువ. నాలుగైదు ఎండు చపాటాలు గింజలు తీసి వేడి నీళ్లల్ల నానబెట్టి, కొంచెం చింతపండు, నిమ్మకాయంత బెల్లం, ఉప్పు వేసి మెత్తగ రుబ్బి, చెంచ నూనెల దగ్గర పడేదాక ఉడికించండి. చల్లారినంక చీజ్ పక్కన చిన్న గిన్నెల పెట్టండి. గౌడా మీద గోరంత రాసుకొని తింటే ఆ తీపి కారం నోట్లె చాన సేపు ఉంటది.

కరిగించేటప్పుడు

సర్వపిండి మీద చీజ్ వేస్తే పిల్లలు రెండోది అడుగుతరు. అయితే చీజ్‌ను మొదలే వేయొద్దు. సర్వపిండి కాలి అంచులు ఎర్రగ అయినంక స్టవ్ బంద్ చేసి, అప్పుడు తురిమిన చీజ్ చల్లి మూత పెట్టాలె, గిన్నెల వేడికే రెండు నిమిషాలల్ల కరుగుతది. పెద్ద మంట మీద అసలు చీజ్ పెడితే లోపలి ప్రోటీన్ బిగుసుకపోయి నూనె వేరైతది, రబ్బరు ఒక దిక్కు, నూనె ఒక దిక్కు. ప్రాసెస్డ్ చీజ్‌ల ముందుగనే కలిపిన లవణాలు నూనెను పట్టి ఉంచుతయ్ కాబట్టి అది అంత తొందరగ విడిపోదు, సాస్‌లకు, మసాల కూరలకు అదే నయం. దోశ మీద కూడ అంతే, మంట చిన్నగ చేసినంకనే తురుము. తురిమేది ఎప్పుడైనా ఫ్రిజ్‌ల నుంచి తీయంగనే, మెత్తబడితే తురుముడు పీటకు అంటుకుంటది.

పనీర్ ఎంత వేడి చేసినా ఎందుకు కరగదని అడిగేటోళ్లుంటరు, మరిగే పాలను నిమ్మరసంతోని విరగ్గొట్టి చేస్తం కాబట్టి దాని ప్రోటీన్ అల్లిక వేరే తీరుగ గట్టిపడతది, అది కరిగే రకం కాదు, కరుగుతదని పిజ్జా మీద వేసుకొని నిరాశ పడొద్దు.

ప్లేట్ల మిగిలిన ముక్కలు మళ్ళీ పెద్ద డబ్బలకు పోవద్దు, పదిమంది చేతులు తగిలినయ్, ఎండ తగిలింది. గంట లోపల ఎత్తిన ముక్కలైతే వాటిని వేరే చిన్న డబ్బల వేసి తెల్లారి ఆమ్లెట్‌లనో, బ్రెడ్ మీదనో కరిగించి అయిపోగొట్టండి. పర్మేసాన్ లాంటిదాని గట్టి తొక్క మిగిలితే, మైనం పూత లేనిది అయితే, పారెయ్యకండి, టమాట సూప్ మరిగేటప్పుడు వేసి, దించేటప్పుడు తీసేయండి. ఆడబిడ్డ ఈ ఏప్రిల్‌ల మళ్ళీ గౌడా తెచ్చింది, ఈసారి టిఫిన్ డబ్బల, నడుమ చలి సీసా పెట్టి. నెల దాటినంక విప్పితే ఇంకా పచ్చి వాల్‌నట్ వాసనే వస్తున్నది, ఆఖరి ముక్క మా అత్తమ్మనే చపాటా చట్నీతోని తిన్నది.